ఇంతకీ మనల్ని చూసింది ఎవరు? ఎల్‌ఎంపీ నుంచి ఆర్‌ఎంపీ దాకా

ఈరోజు ఎపిసోడ్ మా అమ్మమ్మ మోకాలి నొప్పితో మొదలవుతుంది.

పోయిన నెల ఆమెని ఒక ప్రైవేట్ హాస్పిటల్‌కి తీసుకెళ్లాను. అపాయింట్‌మెంట్ కోసం మూడు రోజులు ఫోన్ చేస్తే దొరికింది టోకెన్ నంబర్ 41. పొద్దున తొమ్మిదింటికి రమ్మన్నారు, లోపలికి పిలిచేసరికి ఒంటిగంట దాటింది. లోపల తెల్లకోట్లు వేసుకున్నవాళ్లు ముగ్గురు. ఒకరు బీపీ చూశారు, ఒకరు ప్రశ్నలు అడిగారు, ఇంకొకరు మోకాలు నొక్కి చూసి మందులు రాశారు. ఆ రాత్రే మాత్ర పడక అమ్మమ్మకి ఒళ్లంతా దద్దుర్లు. ఫోన్ చేస్తే అవతల నుంచి మొదటి ప్రశ్న: "ఏ డాక్టర్‌కి చూపించుకున్నారు సార్?" చీటీ మీద సంతకం ఒక వంకర గీత. అమ్మమ్మని అడిగితే, "ఆ కళ్లజోడు అబ్బాయి రా" అంది.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేసినప్పుడు కోడ్‌లో ఒక్క లైన్ మార్చినా ఎవరు మార్చారో రికార్డ్ అయ్యేది. మరి మనిషి ఒంట్లోకి వెళ్లే మందు ఎవరు రాశారో తెలియకపోతే ఎలా? ఈ డౌట్‌తో చదవడం మొదలుపెడితే, కథ బ్రిటిష్ కాలం దాకా వెళ్లింది.

అప్పట్లో మన దేశంలో అల్లోపతి డాక్టర్లు ముఖ్యంగా రెండు రకాలు. యూనివర్సిటీ డిగ్రీ ఉన్నవాళ్లు ఒకరు. మెడికల్ స్కూల్‌లో తక్కువ కాలం చదివి లైసెన్స్ తీసుకున్నవాళ్లు ఇంకొకరు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ రెండో రకాన్ని ఎల్‌ఎంపీ అనేవాళ్లు. మన విశాఖలో ఇప్పుడున్న ఆంధ్ర మెడికల్ కాలేజీ కూడా 1902లో ఇలాంటి మెడికల్ స్కూల్‌గానే మొదలైంది. 1923లో కాలేజీ అయింది.

లైసెన్స్ అంటే చిన్నచూపు చూడకండి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారికి మద్రాసు మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ ఇవ్వలేదు, దానికంటే కింది స్థాయి ఎల్‌ఎంఎస్ ఇచ్చారు. ఖద్దరు వేసుకున్నందుకు ఇంగ్లిష్ ప్రొఫెసర్‌కి కోపం వచ్చిందని చెప్తారు. ఆ తర్వాత ఆయన అమెరికా వెళ్లారు. ఈరోజు క్యాన్సర్‌కీ, కీళ్లవాతానికీ వాడే మెథోట్రెక్సేట్ ఆయన నడిపించిన పరిశోధన నుంచే వచ్చింది. సర్టిఫికెట్ మీద అక్షరాలు మనిషి సత్తా మొత్తాన్ని చెప్పవు. కానీ ఆ అక్షరాలు ఏంటో పేషెంట్‌కి తెలియాలి. రెండూ వేరు వేరు విషయాలు.

ఇప్పుడు అసలు మలుపు. 1943లో బ్రిటిష్ ప్రభుత్వం సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. 1946లో రిపోర్ట్ వచ్చింది. అందులో లెక్కలు వింటే మతిపోతుంది. బ్రిటిష్ ఇండియా మొత్తానికి డాక్టర్లు సుమారు 47,500 మంది. అంటే దాదాపు 6,300 మందికి ఒక్కరు. నర్సుల పరిస్థితి ఇంకా ఘోరం, 43,000 మందికి ఒక్కరు. ఇంకో పాయింట్: ఆ 47,500 మందిలో దాదాపు 30,000 మంది లైసెన్స్ డాక్టర్లే.

మరి కమిటీ ఏం చెప్పింది? ఇకపై దేశానికి ఒకే రకం డాక్టర్ చాలు, పూర్తి డిగ్రీ చదివినవాడే ఉండాలి అంది. పల్లెకి ఒక రకం వైద్యం, పట్నానికి ఒక రకం వైద్యం ఉండకూడదన్నది అందులో ఉద్దేశం. మంచి ఉద్దేశమే. కానీ కమిటీలోనే ఆరుగురు సభ్యులు ఒప్పుకోలేదు. ఇంత కొరత ఉన్నప్పుడు లైసెన్స్ కోర్సు ఆపేస్తే ఎలా అన్నారు. వాళ్ల మాట నెగ్గలేదు. స్వాతంత్ర్యం వచ్చాక మెడికల్ స్కూళ్లు కొన్ని కాలేజీలయ్యాయి, కొన్ని మూతపడ్డాయి. ఎల్‌ఎంపీ అనే మాటే మాయమైంది.

కోర్సు పోయింది గానీ, జ్వరాలు పోలేదు కదా! ఎంబీబీఎస్ చదివినవాళ్లు ఎక్కువగా పట్నాల్లోనే ఉండిపోయారు. ఊళ్లో ఖాళీ అయిన ఆ కుర్చీలో కూర్చున్నది ఎవరో మీకు తెలుసు. మన ఆర్‌ఎంపీ డాక్టర్. చట్టం ప్రకారం ఆర్‌ఎంపీ అంటే రిజిస్టర్ అయిన డాక్టర్. మన ఊళ్లలో మాత్రం ఆ పేరుతో పిలిచేది రిజిస్టర్ కానివాళ్లని! ఏదో క్లినిక్‌లో కాంపౌండర్‌గా పనిచేసి నేర్చుకున్నవాళ్లు చాలామంది. అర్ధరాత్రి పిలిచినా బండేసుకుని వస్తారు, డబ్బులు తర్వాత ఇవ్వండి అంటారు. టోకెన్ లేదు, క్యూ లేదు. అందుకే జనం నమ్మారు. అయితే చిన్న జ్వరానికీ యాంటీబయాటిక్, నొప్పికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడ్డ కథలూ ఆ ఊళ్లలోనే ఉన్నాయి.

ఈ గొడవ ఇంకా అయిపోలేదు. 2019లో వచ్చిన నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం సెక్షన్ 32లో, కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్లకి పరిమిత లైసెన్స్ ఇవ్వొచ్చు అన్నారు. డాక్టర్లు రోడ్డెక్కారు. 1946లో నడిచిన వాదనే మళ్లీ! ఇప్పుడు ఆంధ్రాలో విలేజ్ క్లినిక్‌కి వెళ్తే అక్కడ చూసేది బీఎస్సీ నర్సింగ్ చదివిన ఎంఎల్‌హెచ్‌పీ. ఊళ్లో ఆమెనీ "డాక్టరమ్మ" అనే పిలుస్తారు. ఆమె చేసే పని చాలా అవసరం. కానీ ఆమె ఎవరు, ఎక్కడిదాకా చూడగలరు, ఎప్పుడు పెద్దాసుపత్రికి పంపాలి అన్నది జనానికి స్పష్టంగా చెప్పాలి కదా.

నా ఒపీనియన్ ఏంటంటే, అందరూ ఎంబీబీఎస్సే కావాలని మొండికేస్తే క్యూ తగ్గదు. అలాగని ఎవరు ఎవరో చెప్పకుండా తెల్లకోటు వేసి కూర్చోబెడితే నమ్మకం మిగలదు. మన దగ్గర ఈ రెండు తప్పులూ జరిగాయి.

మనం చేయగలిగింది ఒకటుంది. 2002 నాటి డాక్టర్ల ప్రవర్తనా నియమాల ప్రకారం, క్లినిక్‌లోనూ, రాసిచ్చే ప్రతి చీటీ మీదా డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. కాబట్టి బయటికి వచ్చేముందు మర్యాదగా అడగండి: "సార్, మీ పేరు? మీరు ఏం చూస్తారు? మళ్లీ ఇబ్బందైతే ఎవరికి ఫోన్ చేయాలి?" ఆ చీటీని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

రెండోసారి వెళ్లినప్పుడు అమ్మమ్మే అడిగేసింది, "నీ పేరేంటి నాయనా?" అని. ఆయన నవ్వి, పేరు, నంబర్ చీటీ మీద విడమరిచి రాశారు. డ్యూటీ డాక్టర్ అట. అసలు ఆయన్ని ఎవరూ పేరు అడగరట.

మీ ఊళ్లో మిమ్మల్ని మొదట చూసేది ఎవరు? కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.