చక్రకూట విజయం: రతనపురం కలచురుల యుద్ధ ప్రశస్తిపై ఒక పరిశీలన

భిలాయి ఉక్కు కర్మాగారానికి నెలవైన దుర్గ్ మైదానం మధ్యయుగంలో దక్షిణ కోసలంలో భాగంగా రతనపురం కలచురుల ఏలుబడిలో ఉండేది. భిలాయి పట్టణం అంచున దేవబలోదాలో నేటికీ నిలిచివున్న శివాలయం ఆ వంశపు కాలానిదే. జబల్‌పూర్ సమీపంలోని త్రిపురి నుంచి విడివడిన ఈ శాఖ తొలుత తుమ్మాణాన్ని, తరువాత రతనపురాన్ని రాజధానిగా చేసుకుని బలపడి, దక్షిణాన బస్తర్ అడవుల్లో చక్రకూటాన్ని ఏలుతున్న ఛిందక నాగులతో తలపడింది. ఆ నాగరాజ్యం తెలుగువారికి పరాయిది కాదు: నాగరాజు జగదేకభూషణ ధారావర్షుని సామంతుడు, చోడవంశీయుడు అయిన చంద్రాదిత్యుడు బారసూరులో గుడి కట్టించి చెరువు తవ్వించిన సంగతిని 1060 నాటి అక్కడి తెలుగు శాసనం చెబుతుంది.

ధారావర్షుని కొడుకు సోమేశ్వరుడు వేంగిని తగులబెట్టాడనీ, కోసలంలో 6 లక్షల 96 గ్రామాలను గెలుచుకున్నాడనీ కురుస్‌పాల్ శాసనం ప్రకటిస్తుంది. ఈ గ్రామసంఖ్యను లెక్కగా తీసుకోలేము. ప్రశస్తి, అంటే రాజును పొగడటానికే పండితుడు కూర్చిన శాసనకావ్యం, ఇలాంటి అంకెలను అలంకారంగానే వాడుతుంది. అయినా కోసలానికీ నాగులకూ యుద్ధం జరిగిందనడానికి ఎదుటి పక్షం మాటే సాక్ష్యమిస్తున్నది. కలచురి శకం 866లో, అనగా 1114లో, వేయించిన రతనపురం శాసనం ప్రకారం కలచురి రాజు మొదటి జాజల్లదేవుడు సోమేశ్వరుణ్ణి మంత్రులతో, రాణులతో సహా బంధించి, అతని తల్లి వేడుకోలుపై విడిచిపెట్టాడు.

ఆ తల్లి గుండమహాదేవి. శక సంవత్సరం 1033లో, అనగా 1111లో, ఇంద్రావతి తీరాన నారాయణపాల్‌లో ఆమె వేయించిన దానశాసనం నాటికి సోమేశ్వరుడు మరణించి, మనుమడు కన్హరదేవుడు సింహాసనంపై ఉన్నాడు. కనుక జాజల్లుని గెలుపు 1111కు ముందే జరిగి, ఓడిన రాజు గతించిన తరువాత రాతికెక్కిందని తేలుతుంది; అంతకన్నా ముఖ్యంగా, ఓడిన వంశమే తన గడ్డపై తన పేరుతోనే దేవుడికి గ్రామాన్ని దానం చేయగలిగింది. గ్రామదానం చేసే హక్కు చేతిలో ఉన్నంతకాలం రాజ్యం పోయిందనడం కుదరదు. జాజల్లుడు నాగుల గర్వాన్ని అణచాడే గాని నేలను కలుపుకోలేదు.

అదే రతనపురం శాసనం జాజల్లునికి ఏటా కప్పం చెల్లించిన మండలేశ్వరుల, అనగా ఒక్కో మండలాన్ని ఏలే స్థానిక ప్రభువుల, జాబితాలో వైరాగరం, లంజిక, ఖిమిడిలతోపాటు ఆంధ్రాన్ని కూడా చేర్చింది. వీటిలో వైరాగరం నేటి విదర్భలోనూ, లంజిక నేటి బాలాఘాట్ జిల్లాలోనూ ఉన్నవి కనుక కోసలపు పొలిమేరలకు దగ్గరివే. ఆంధ్రం మాటను మాత్రం యథాతథంగా నమ్మడం కష్టం. ఆనాడు వేంగి కులోత్తుంగ చోళుని అధీనంలో ఉంది. ఆ కులోత్తుంగుడే యువరాజుగా చక్రకూటంపై దండెత్తినవాడు. బహుశా అడవి అంచున ఉన్న ఎవరో చిన్న తెలుగు నాయకుడు పంపిన కానుక ప్రశస్తికారుని చేతిలో దేశమంతటి కప్పంగా మారి ఉంటుంది.

ఒక తరం గడిచేసరికి యుద్ధరీతి మారింది. కలచురి రాజు రెండవ పృథ్వీదేవుని కాలంలో, 1145లో, సేనాని జగపాలుడు రాజిమ్‌లో వేయించిన శాసనంలో మంత్రులను, రాణులను పట్టి విడిచిన వర్ణనలకు బదులు తాను గెలిచిన కోటల, సీమల పేర్లే వరుసగా కనిపిస్తాయి. మహానది పుట్టే సిహావా, నేటి కాంకేర్‌గా గుర్తించిన కాకరయం వాటిలో ఉన్నాయి. దూరపు రాజు మెడ వంచి తిరిగివచ్చే దండయాత్ర స్థానంలో, కోట తరువాత కోటను పట్టుకుంటూ బస్తర్ వాకిలి దాకా సాగిన ఆక్రమణ ఇది.