ముద్రలోని కూతురికి ఎప్పుడూ పదేళ్లే

పారిస్ ఫ్యాషన్ సంస్థ లాన్వాన్ ముద్రలో ఒక తల్లి, ఆమె కూతురు ఉంటారు. 1907లో వేషాల విందుకు ముస్తాబైన ఇద్దరినీ ఎవరో ఫోటో తీశారు. దాని ఆధారంగా చిత్రకారుడు పాల్ ఇరిబ్ గీసిన బొమ్మ ఇది. తల్లి ఝాన్ లాన్వాన్, కూతురు మార్గరీత్. అప్పటికి కూతురికి సుమారు పదేళ్లు. బొమ్మలో మగవాళ్లెవరూ లేరు. ఒక వ్యాపార సంస్థ మాతృత్వాన్ని తన గుర్తుగా ఎంచుకుందంటే స్త్రీల చరిత్ర చదివేవాళ్లం సంతోషించాలా, అనుమానించాలా? ఈ ముద్ర చుట్టూ అల్లుకున్న కథ చదివినప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

ఆ కథ అందరూ ఒకేలా చెబుతారు. కూతురి మీద ప్రేమతో లాన్వాన్ అందమైన గౌన్లు కుట్టింది. చూసిన డబ్బున్న తల్లులు తమ పిల్లలకూ అలాంటివే కావాలన్నారు. 1908లో పిల్లల దుస్తుల విభాగం మొదలైంది. మరుసటి ఏడాది తల్లుల కోసం స్త్రీల విభాగం వచ్చింది. అలా ఒక మహా సంస్థ పుట్టింది.

ఇందులో అబద్ధం లేదు. కానీ తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఏం దాచారో తెలుస్తుంది. లాన్వాన్ 1867లో పుట్టింది. పదకొండు మంది సంతానంలో పెద్దది. పదహారేళ్లకు టోపీలు తయారుచేసే చోట పని నేర్చుకోవడానికి చేరింది. 1889లో, ఇరవై రెండేళ్ల వయసులో, సొంతంగా టోపీల దుకాణం పెట్టుకుంది. మార్గరీత్ పుట్టింది 1897లో. అంటే తల్లి కావడానికి ఎనిమిదేళ్ల ముందే ఆమె వ్యాపారస్తురాలు. పిల్లల విభాగం తెరిచేనాటికి ఆమెకు ఆ రంగంలో పంతొమ్మిదేళ్ల అనుభవం ఉంది. ఆ పంతొమ్మిదేళ్ల నైపుణ్యం, లెక్కలు, బేరాలు, నిద్రలేని రాత్రులు అన్నీ 'తల్లి ప్రేమ' అనే ఒక్క మాటలో కరిగిపోయాయి. ఆమె సమకాలీనుడు పాల్ పోరెకి పిల్లలున్నారు, ఆయన కూడా పిల్లల బట్టలు రూపొందించాడు. కానీ ఆయన ప్రతిభ పితృప్రేమ నుంచి పుట్టిందని ఎవరూ రాయరు. మగవాడిది ప్రతిభ, ఆడదానిది మమకారం. మన సాహిత్య విమర్శలోనూ రచయిత్రుల విషయంలో ఈ కొలతే వాడారు కదా!

చట్టం సంగతి ఇంకా విడ్డూరం. నెపోలియన్ కాలం నాటి ఫ్రెంచ్ చట్టం ప్రకారం పెళ్లయిన స్త్రీ భర్త అనుమతి లేకుండా వ్యాపారం చేయడానికి వీల్లేదు. పెళ్లికాని స్త్రీకి ఆ అడ్డు లేదు. లాన్వాన్ దుకాణం పెట్టుకున్నది అవివాహితగా ఉన్నప్పుడే. తర్వాత ఒక ఇటాలియన్‌ని పెళ్లాడింది, 1903లో విడాకులు తీసుకుంది. 1907లో రెండో పెళ్లి. భార్య తన సంపాదనను తానే ఖర్చు పెట్టుకోవచ్చని చట్టం వచ్చింది కూడా ఆ ఏడాదే. ఇక పిల్లల మీద తల్లికి తండ్రితో సమానమైన అధికారం 1970లో గానీ రాలేదు. ప్రపంచమంతా మాతృత్వానికి చిహ్నంగా చూసిన ఆ బొమ్మలోని తల్లికి చట్టం దృష్టిలో ఉన్న స్థానం అది. ఫ్రెంచ్ స్త్రీలు మొదటిసారి ఓటు వేసిన 1945 నాటికి ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్లు. మరుసటి ఏడాది చనిపోయింది.

మరి ఆ గౌన్లు కుట్టిన చేతులు? పారిస్ కుట్టుపని అమ్మాయిలను 'మిదినెత్' అనేవారు, మధ్యాహ్నం ఏదో కాస్త తిని సరిపెట్టుకునేవాళ్లని అర్థం. లాన్వాన్ స్త్రీల విభాగం తెరిచిన 1909లోనే ఫ్రాన్సులో ప్రసూతి సెలవు చట్టం వచ్చింది. ఎనిమిది వారాలు పనికి రాకపోయినా ఉద్యోగం పోదు, అంతే. జీతం లేదు. తప్పనిసరి విశ్రాంతి, కొద్దిపాటి భత్యం 1913లో వచ్చాయి. 1917 మే నెలలో, యుద్ధం మధ్యలో, మిదినెత్‌లు వీధుల్లోకి వచ్చి సమ్మె చేశారు. కరువు భత్యం, శనివారం మధ్యాహ్నం జీతంతో సెలవు అడిగారు. జూన్‌లో ఆ సెలవు చట్టమైంది. పాలిచ్చే తల్లులకు పనివేళల్లో రోజుకు గంట విరామం కూడా ఆ ఏడాదే దక్కింది. శనివారం పూట పిల్లలతో గడిపే హక్కును ఆ తల్లులు నినాదాలిచ్చి తెచ్చుకున్నారు. వాళ్ల బొమ్మ ఏ సీసా మీదా లేదు.

పిల్లకు బట్ట కుట్టడంలో తల్లి ప్రేమ ఉండదని నేననను. ఎదిగే పిల్ల అని మా అమ్మ పావడాకు రెండు టక్కులు ఎక్కువ వేసేది. ఏడాదికొకటి విప్పేది. విప్పినచోట రంగు వెలవని గీత కనిపించేది. ఆ కుట్టులో ప్రేమతో పాటు పొదుపు ఉంది, ముందుచూపు ఉంది, లెక్క ఉంది. ప్రేమను మాత్రమే గుర్తుపెట్టుకుని లెక్కను మరిచిపోతే అమ్మ తెలివిని సగం కొట్టేసినట్టే.

మార్గరీత్ కూడా ఎదిగింది. ముప్ఫయ్యో పుట్టినరోజుకి, 1927లో, తల్లి ఆమె కోసం 'అర్పెజ్' అనే అత్తరు తెచ్చింది. అది సంగీతంలోని మాట, ఎందుకంటే కూతురు గాయని. మారీ బ్లాంష్ ద పోలిన్యాక్ పేరుతో, నాదియా బూలాంజే బృందంలో మాంటెవెర్డి గీతాలు పాడి 1937లో రికార్డు చేసింది. 1946లో తల్లి సంస్థ బాధ్యత తీసుకుంది. ఆమెకు పిల్లలు లేరు. 1958లో చనిపోయాక సంస్థ బంధువుల చేతికి, తర్వాత చేతులు మారుతూ 2018లో చైనాకు చెందిన ఫోసున్‌కు చేరింది. ఆమె గొంతు వినాలంటే పాత రికార్డులు వెతుక్కోవాలి. అత్తరు సీసా మీద మాత్రం ఆమె ఎదగకుండా తల్లి చెయ్యి పట్టుకుని నిలబడే ఉంది.

తల్లి కావడం, కాకపోవడం, ఆలస్యంగా కావడం స్త్రీ జీవితంలో పెద్ద విషయాలే. కానీ పని చేసిన స్త్రీ జీవితచరిత్ర రాసేటప్పుడు ముందు ఆమె పని నేర్చుకున్న ఏడాది రాద్దాం, పక్కనే ఆ పనిలో ఆమెతో పాటు కూర్చున్నవాళ్ల జీతమూ రాద్దాం. పురుడు పోసుకున్న తేదీ ఆ వరుసలో తన చోటున తానే వస్తుంది.