ఒకరోజు ముందు చెప్పి, తలుపు తట్టి

1662లో ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్ హయాంలో పొయ్యి పన్ను వచ్చింది. వంటదైనా చలికాచుకునేదైనా పొయ్యికి ఏడాదికి రెండు షిల్లింగులు. లెక్క తేలాలంటే అధికారి ఇంట్లోకి వచ్చి గది గదీ చూడాల్సిందే. పన్ను కట్టడం కన్నా ఆ రాకే జనానికి ఎక్కువ మండింది. 1689లో కొత్త రాజు విలియం, రాణి మేరీ దాన్ని రద్దు చేసినప్పుడు, ముక్కూ మొహం తెలియనివాళ్లు ఇష్టమొచ్చినట్టు ఇంట్లో జొరబడి వెతకడం ప్రజలకు బానిసతనపు ముద్ర అని చట్టంలోనే రాశారు. 1696లో కిటికీ పన్ను వచ్చింది. కిటికీలనైతే వీధిలో నిలబడే లెక్కపెట్టవచ్చు.

ఆ పట్టింపు అంతకు ముందునుంచీ ఉన్నదే. ఎవరి ఇల్లు వారికి కోట అన్న మాటకు కోర్టు ముద్ర పడింది 1604 నాటి సెమేన్ కేసులో. అప్పు వసూలుకు వచ్చిన షెరీఫ్ ముఖం మీద తలుపు మూసిన గ్రెషమ్ అనే అతను సొంత ఇంట్లో లేడు. లండన్ బ్లాక్‌ఫ్రయర్స్‌లో లీజు ఇంట్లో ఉన్నాడు. ప్రైవేటు అప్పు కోసం తలుపు పగలగొట్టే హక్కు షెరీఫ్‌కు లేదని తీర్పు వచ్చింది. అంటే ఆ కోట అద్దెకున్నవాడికీ కోటే.

కరెంటు వచ్చాక కోట లోపలే ప్రమాదం పుట్టింది. 1881లో ఇంగ్లండులోని గొడాల్మింగ్ ఊళ్లో ప్రజలకు కరెంటు సరఫరా మొదలైంది. మరుసటి ఏడాదే ఇంజనీర్ల సంఘం, అగ్నిప్రమాదాలు జరగకుండా వైరింగు ఎలా ఉండాలో నియమాలు అచ్చువేసింది. నేడు బ్రిటన్ ఎలక్ట్రీషియన్లు పాటించే వైరింగు నియమాలు వాటి వారసులే. అయితే నియమం కాగితం మీద ఉంటే చాలదు, గోడలోని తీగను ఎవరో ఒకరు చూడాలి. 1954 చట్టం సరఫరా బోర్డుల సిబ్బందికి దారి చూపింది: ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే సరే, లేదంటే మేజిస్ట్రేటు వారంటు తేవాలి. అత్యవసరమైతే మాత్రం ఆగక్కర్లేదు.

ఇంటి ఓనరు సంగతి వేరు. 1961 హౌసింగ్ చట్టం స్వల్పకాలపు లీజుల్లో మరమ్మతుల బాధ్యత ఓనరు మీద పెట్టింది. ఇంటి పరిస్థితి చూడటానికి సబబైన వేళలో, 24 గంటల ముందు రాతపూర్వకంగా చెప్పి రావచ్చంది. 1985 చట్టం 11వ సెక్షన్‌లో ఇవాళ్టికీ ఉన్నది అదే.

ఆ 24 గంటలు ఎందుకు విలువైనవో లండన్‌లోని నాటింగ్ హిల్ వీధులకు తెలుసు. పీటర్ రాచ్‌మన్ అక్కడ పాత ఇళ్లు కొని, తక్కువ అద్దెకుంటున్నవాళ్లను బెదిరించి ఖాళీ చేయించాడు. 1962లో అతను చనిపోయాక ఆ కథంతా బయటపడి దేశం అట్టుడికింది. 1965 చట్టం అద్దెదారును వేధించడాన్ని నేరం చేసింది. వెళ్లగొట్టాలని కరెంటులాంటి వసతులను పదేపదే ఆపేయడం కూడా అందులోకే వచ్చింది.

ఓనరు తనిఖీ చేయించి తీరాలన్న మాట మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. గ్యాసుకు 1990లలోనే ఏటా తనిఖీ తప్పనిసరైంది. కరెంటు వైరింగుకు 2015 డిసెంబరులో స్కాట్లండ్ ముందడుగు వేసింది. ఇంగ్లండులో 2016 చట్టం ప్రభుత్వానికి అధికారమిచ్చినా నిబంధనలు వెంటనే రాలేదు. 2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ నాలుగో అంతస్తులో ఫ్రిజ్ దగ్గర లేచిన మంట గోడల తొడుగును పట్టుకుని 72 మందిని బలిగొంది. వైరింగు తనిఖీలో ఫ్రిజ్‌ను చూడరు కాబట్టి ఈ నిబంధనే ఉంటే ఆ మంట ఆగేదని చెప్పలేం. కానీ ఒక ఇంట్లో పుట్టిన నిప్పు పక్కవాళ్లందరిదీ అని అది చూపించింది.

చివరికి ఇంగ్లండులో ప్రైవేటు అద్దె ఇళ్లకు వచ్చిన 2020 నిబంధనల ప్రకారం కనీసం అయిదేళ్లకోసారి తనిఖీ జరగాలి. ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపి, ఫ్యూజు బోర్డు మూత తీసి, కొన్ని సాకెట్లు విప్పి చూస్తాడు. పాత ఇళ్లలో రబ్బరు తొడుగు తీగలు వేలు తగిలితే పొడిపొడిగా రాలతాయి. తక్షణ ప్రమాదముంటే సి1, రాగల ప్రమాదమైతే సి2 అని రాస్తాడు. ఆ రెండింటినీ 28 రోజుల్లో, అవసరమైతే ఇంకా ముందే బాగుచేయించాలి. అక్కడికి చదువుకోవడానికి వెళ్లి ఇల్లు అద్దెకు తీసుకునే తెలుగు విద్యార్థికైనా చేరేముందే ఓనరు ఆ నివేదిక ఇవ్వాలి. దాన్ని అడిగి తీసుకోవడం మంచిది.

అద్దెదారు తలుపు తియ్యకపోతే? ఓనరు తన వంతు ప్రయత్నాలన్నీ చేసినట్టు చూపాలి. లోపలికి రావడానికి కోర్టుకెళ్లలేదన్న ఒక్క కారణంతో తప్పు పట్టకూడదని నిబంధనలే చెబుతున్నాయి. భారమంతా ఓనరు మీద మోపినా, తలుపు బద్దలుకొట్టే హక్కు మాత్రం ఇవ్వలేదు. అదే సరైన పని. తనిఖీని సాకుగా వాడుకునే ఓనరు రేపు పుట్టడన్న హామీ లేదు. ఆ జాగ్రత్తకు మూల్యమూ ఉంది: తలుపు తెరవని ఇంట్లో కుళ్లిన తీగ అలాగే ఉండిపోతుంది. అందుకే ఎందుకొస్తున్నారో అద్దెదారుకు అర్థమయ్యేలా చెప్పే ఉత్తరం ఇక్కడ జరిమానా కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

2025 నవంబరు నుంచి కౌన్సిళ్లు, హౌసింగ్ సంఘాలు కొత్తగా అద్దెకిచ్చే ఇళ్లకూ ఈ తనిఖీ వర్తిస్తోంది. అప్పటికే వాటిలో ఉంటున్నవాళ్ల ఇళ్లకు వర్తింపు 2026 మే నుంచి.