సుత్తెదెబ్బ సాక్ష్యము

తుళ్లూరు పరిసరముల నల్లరేగడి నేల ప్రత్తికిని, మిరపకును పేరుపొందినది. ఇచ్చటికి పడమట కొద్ది క్రోసుల దూరమున అమరావతియు, దానిని ఆనుకొని ప్రాచీన ధాన్యకటకమగు ధరణికోటయు ఉన్నవి. అమరావతిలో దొరకిన యొక నిధియందు ఏడు వేలకు మించిన వెండి నాణెములు కలవు. వానిని పరిశీలించి పరమేశ్వరీలాల్ గుప్త రచించిన గ్రంథమును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1963లో ప్రకటించినది.

వీనిని చరిత్రకారులు విద్ధాంక నాణెములందురు. ప్రాచీనులు కార్షాపణములనిరి. వెండిని రేకుగా సాగగొట్టి, ముక్కలుగా కత్తిరించి, తూచి, బరువు హెచ్చినచో మూలలు తునిమి, పిదప ఒక్కొక్క గుర్తునకు వేరువేరు ముద్రను నిలిపి సుత్తెతో కొట్టుచుండిరి. మౌర్యుల కాలపు నాణెములపై సామాన్యముగా ఒక ప్రక్కన ఐదు గుర్తులుండును. వానిలో సూర్యుడును, ఆరు కొమ్మల చిహ్నమును తరచుగా కానవచ్చును. రాజు పేరు లేదు, రూపము లేదు. తూకము 32 గురివెంద గింజలు, అనగా సుమారు మూడున్నర గ్రాములు.

తూకమే విలువయైన నాణెమునకు కత్తెరయే శత్రువు. ఇంగ్లండులో 1662లో యంత్రము స్థిరపడువరకు వెండి పెన్నీలను సుత్తెతోనే కొట్టిరి. అంచులు కత్తిరించి వెండి దొంగిలించువారి బాధ పడలేక మూడవ హెన్రీ కాలమున, 1247లో, నాణెముపైని సిలువను అంచువరకు పొడిగించిరి. సిలువ కొనలు తెగినచో మోసము బయటపడును. మన కార్షాపణముల వెనుకప్రక్కన కనుపించు చిన్న గుర్తులు, వానిని పరీక్షించిన వర్తకులు వేసినవని పలువురు పండితులు తలచిరి.

చేతులు మారినకొలది వెండి అరుగును. గణితవేత్తయగు దామోదర ధర్మానంద కోశాంబి ఈ సంగతినే ఆధారముగా గొని, నిధులలోని నాణెములను తూచి, ఏవి ముందువో, ఏవి తరువాతివో నిర్ణయించు మార్గము చూపెను. ఒంటి నాణెము ఈ మాట చెప్పజాలదు, రాశి చెప్పును.

రాజ్యముల మార్పును సైతము రాశియే చెప్పును. 1906లో నాసిక్ ప్రాంతమందలి జోగల్‌తంబిలో 13 వేలకు పైబడిన నహపాణుని వెండి నాణెములు దొరకినవి. వానిలో 9 వేలకు పైగా నాణెములపై శాతవాహన ప్రభువు గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను మరల కొట్టించియుండెను. శత్రువు ముఖముపై పడిన ఆ సుత్తెదెబ్బలే అతని విజయమునకు సాక్ష్యములు. ఆ నిధి కొలిమిలో పడియున్నచో మనకు మిగులునది వెండి ముద్ద మాత్రమే.

ఈ మాట నేడు తుళ్లూరువారికి మరింత అవసరము. 2015లో ఈ మండలమందలి ఉద్దండరాయునిపాలెమున రాజధానికి శంకుస్థాపన జరిగినది మొదలు, తరతరములుగా నాగలి మాత్రమే దున్నిన నేలలో లోతైన పునాదులు త్రవ్విరి. పారకు పాతకుండ యేదైన తగిలినచో ఏమి చేయవలెను? పది రూపాయలకు మించిన నిధి దొరకినచో కలెక్టరునకు వ్రాతమూలముగా తెలుపవలెనని 1878వ సంవత్సరపు చట్టము విధించినది. ప్రభుత్వము దానిని తీసికొనదలచినచో, హక్కుగలవారికి లోహపు విలువయు, దానిపై ఐదవవంతును ఇయ్యవలెననియు అందే కలదు. కావున కరగించుట నేరమే కాదు, నష్టము కూడ.

దొరకిన నాణెములను తోమవలదు, పంచుకొనవలదు. కుండపెంకులను సైతము వదలక, ఉన్నవి ఉన్నట్లే అప్పగించుట మేలు. రాజులు వ్రాయని చరిత్రలో కొంత ఆ కుండలోనే ఉండవచ్చును.