బందరు రేవులో ఆర్మేనియన్లు

సిడ్నీ పడమటి శివారు పెండిల్ హిల్ నుంచి బయలుదేరినా, హైదరాబాదు నుంచి బయలుదేరినా, కాకసస్ పర్వతాలకు దక్షిణాన ఉన్న ఆర్మేనియాకు చిన్న బృందంతో వెళ్లే తెలుగు యాత్రికుడికి ఆ దేశం బొత్తిగా పరాయిదిగా తోచవచ్చు గాని, చరిత్ర ఆ మాట ఒప్పుకోదు. ఇరాన్ పాలకుడు షా అబ్బాస్ 1604–05లో అరస్ నదీతీరపు జుల్ఫా పట్టణవాసులను బలవంతంగా తరలించి, ఇస్ఫహాన్ పక్కన కొత్త జుల్ఫా అనే పేటలో నిలపగా, అక్కడి ఆర్మేనియన్ వర్తకులే తరువాత గోల్కొండ రాజ్యపు రేవైన బందరుకు, అంటే మచిలీపట్నానికి వచ్చి అద్దకపు బట్టల, వజ్రాల వ్యాపారంలో పాతుకుపోయారు. పాత జుల్ఫా నేడు అజర్‌బైజాన్‌లోని నఖ్చివాన్‌లో ఉన్నందున ఆర్మేనియా యాత్రలో అది తగలదు. ఈ కథ తెలిసినవారికి అది పెద్ద లోటే.

వీరి జాడ దట్టంగా మిగిలింది చెన్నపట్నంలో. 1724లో అక్కడ చేరిన పెట్రస్ ఉస్కాన్ అనే వర్తకుడు 1726లో సైదాపేట దగ్గర అడయారు నది మీద తన సొమ్ముతో వంతెన కట్టించాడు. ఆర్మేనియన్ వీధిలో 1772 నాటి చర్చి ఆవరణంతా ఆర్మేనియన్ లిపి చెక్కిన సమాధి పలకలే. ఆ భాషలో లోకమంతటికీ తొలి పత్రికైన ‘అజ్దారార్’ను 1794లో ఈ నగరంలోనే అచ్చువేసిన మతగురువు హారుత్యూన్ ష్మావోన్యాన్ ఆ ఆవరణలోనే ఖననమయ్యాడు, పత్రిక మాత్రం పద్దెనిమిది సంచికలతో 1796లో ఆగిపోయింది.