బాగ్ లింగంపల్లి: నేల, నీరు

బాగ్ లింగంపల్లి హైదరాబాదు నగరమున చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగరుల సరసనున్న పేట. నేలతీరును బట్టియే జనుల బ్రతుకుతెరువు. ప్రాచీన గ్రీకులకు కొండలు సేద్యపు భూమిని కుదించివేయగా ముంగిటి సముద్రమే రాజమార్గమై, ఏథెన్సు నగరము నల్లసముద్ర తీరముల నుండి ధాన్యము తెప్పించుకొని జీవించినది. సముద్రము దూరమైన ఈ దక్కను పీఠభూమిపై, సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి గ్రానైటు శిలల నడుమ, జనులు ఓడలకు మారు చెరువులు కట్టిరి.

ఈ పేట చరిత్రలో సగము ఒక నాలా చరిత్రయే. 16వ శతాబ్దమున ఇబ్రహీం కుతుబ్ షా కాలమున నిర్మితమైన హుస్సేన్ సాగరు నిండి పొర్లిన నీరు ఈ నాలా వెంట దోమలగూడ, అశోక్ నగర్, బాగ్ లింగంపల్లి, నల్లకుంట, అంబర్‌పేటల మీదుగా ప్రవహించి మూసీలో కలియును. మూసీ వాడపల్లి కడ కృష్ణలో సంగమించుటచే ఇచ్చటి వాననీటికిని తుదకు కడలియే గమ్యము.

1908 సెప్టెంబరు నాటి మూసీ వరద పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల ననుసరించి ఉస్మాన్ సాగరు (1920), హిమాయత్ సాగరు (1927) వెలసినవి. అవి మూసీని నిగ్రహించినవే గాని, వాటికి దిగువన మూసీలో కలియు ఈ నాలాను నిగ్రహింపజాలవు. హౌసింగు బోర్డు గృహములు లేచి, గట్టుల వెంబడి గోడకు గోడ ఆనించి ఇండ్లు పెరుగగా నీటికి చోటు తరిగినది. ఆ లోపము నీటిది కాదు. 2000 ఆగస్టులోను, 2020 అక్టోబరులోను నగరమున కుండపోత కురిసినప్పుడు పల్లపు వీధులు మునిగినవి. ముసురు పట్టగానే స్కూటరును మెరకకును, బియ్యపు బస్తాను మంచము మీదికిని చేర్చుట క్రింది అంతస్తువారికి అలవాటైనది. 2020 వరద పిమ్మట నాలాకు కాంక్రీటు ప్రక్కగోడలు కట్టనారంభించిరి.