క్యాన్సర్ చికిత్సలో నడక, వ్యాయామం: రోగి నమ్మకమే కీలకం

క్యాన్సర్ అని తేలగానే చాలా ఇళ్లలో రోగిని మంచానికే పరిమితం చేసేస్తారు. 'నువ్వు కదలొద్దు, రెస్ట్ తీసుకో' అంటారు. ప్రేమతో చెప్పే మాటే. కానీ కీమో, రేడియేషన్ నడుస్తున్న రోజుల్లో ఎప్పుడూ పడుకునే ఉంటే కండ కరుగుతుంది, నీరసం ఇంకా పెరుగుతుంది. అప్పుడు లేచి నాలుగడుగులు వేయడం కూడా కష్టమవుతుంది.

చికిత్స సమయంలో వ్యాయామం సురక్షితమేనని అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ పిలిచిన నిపుణుల బృందం 2010లోనే తేల్చింది. వారానికి 3 సార్లు, ఒక్కోసారి 30 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో నడిచినా అలసట, ఆందోళన, దిగులు తగ్గుతాయని 2019లో వచ్చిన సూచనలు చెబుతున్నాయి.

మరి ఎక్కువమంది ఎందుకు చేయలేకపోతున్నారు? నీరసం, వాంతులు, నొప్పి నిజమైన కారణాలే. వాటితో పాటు మనసులో మూడు ప్రశ్నలు పనిచేస్తాయని పరిశోధకులు అంటారు.

మేలా, కీడా?
కదిలితే జబ్బు ముదురుతుందని భయపడేవారు అడుగు వేయరు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత చెయ్యి వాచినవాళ్లు బరువులు ఎత్తకూడదని ఒకప్పుడు గట్టిగా చెప్పేవారు. ఇలా వాపు ఉన్న 141 మంది మహిళలపై జరిగిన అధ్యయనం 2009లో వెలువడింది. శిక్షకుల పర్యవేక్షణలో కొద్దికొద్దిగా బరువులు పెంచినవారిలో వాపు పెరగలేదు. పైగా అది విషమించిన సందర్భాలు తగ్గాయి.

నావాళ్లు ఏమంటారు?
ఇంట్లోవాళ్లు వద్దంటే రోగి ఆగిపోతాడు. 'పద, నేనూ వస్తా' అని ఒకరు తోడొస్తే బయల్దేరతాడు. డాక్టర్ నోటి మాటకు బలం ఇంకా ఎక్కువ.

నా వల్ల అవుతుందా?
ఈ ధైర్యం ఉపన్యాసాలతో రాదు, చేసి చూస్తేనే వస్తుంది. ఇంట్లోనే 5 నిమిషాల నడకతో మొదలుపెట్టాలి. కీమో ఎక్కించిన మొదటి రోజుల్లో తగ్గించి, తేరుకున్నాక పెంచుకోవచ్చు.

జాగ్రత్తలు
జ్వరం, ఛాతీ నొప్పి, తల తిరగడం, ఆయాసం ఉంటే ఆపేసి వెంటనే ఆస్పత్రిని సంప్రదించాలి. క్యాన్సర్ ఎముకలకు పాకినవారు, ప్లేట్‌లెట్లు లేదా రక్తం బాగా తగ్గినవారు డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టకూడదు. తెల్ల రక్తకణాలు తగ్గినప్పుడు జనం ఎక్కువగా ఉండే జిమ్‌లకు వెళ్లకపోవడం మంచిది.

ఇంకో మాట. వ్యాయామం మందులకు బదులు కాదు. ఒకరోజు లేవలేకపోతే అది బద్ధకం కాదు, రోగిని తప్పుపట్టొద్దు. ఈసారి ఆస్పత్రికి వెళ్లినప్పుడు 'నడవొచ్చా?' అని కాకుండా 'నా పరిస్థితిలో ఎంత నడవొచ్చు, ఎప్పుడు ఆగాలి?' అని అడగండి. ఆ జవాబు వినేటప్పుడు ఇంట్లోవాళ్లు కూడా పక్కనే ఉండాలి.